నలుపును చూసి నష్టాన్ని లెక్కకట్టకండి

వరంగల్ వ్యాపార మిత్రులకు నమస్కారం.

దుకాణం కాలిన మర్నాడు అందరి చూపూ నల్లబడిన గోడ మీదే నిలుస్తుంది. నేను ముందు వెతికేది నల్లగా లేని చోటును. మసి అంటే చాలావరకు కర్బనమే. వేడి బాగా ముదిరితే అదీ కాలిపోతుంది. పొగచూరిన గదిలో ఒక్కచోట గోడ తెల్లగా ఉందంటే మంట అక్కడే ఉధృతంగా మండిందేమోనని అనుమానించాలి. సుత్తితో మెల్లగా తట్టండి. బోలుగా మోగితే ప్లాస్టరు వదిలినట్టే. లోపలి కాంక్రీటు గులాబీ రంగుకు తిరిగితే వేడి సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండవచ్చు. అన్ని కంకరలూ అలా రంగు మారవు కాబట్టి గులాబీ కనబడలేదని నిశ్చింతగా ఉండకూడదు. స్లాబు సంగతి స్ట్రక్చరల్ ఇంజనీరే తేల్చాలి.

ఇక మసి. ఎనుమాముల మార్కెట్లో పత్తి కొనేవారికి నివురుగప్పిన నిప్పు గురించి నేను చెప్పనక్కర్లేదు. అలా మంట లేకుండా రగిలినప్పుడు జిగురుగా, ఘాటైన వాసనతో మసి పడుతుంది. కాగితం, కలప భగ్గున మండితే పొడిమసి రాలుతుంది. పొడిమసిని ముందు వాక్యూమ్‌తో, పొడి స్పాంజితో తీయాలి. తడిగుడ్డ పెడితే మసి గోడ రంగులోకి ఇంకిపోతుంది. సాయానికొచ్చిన బంధువుల చేతుల్లోంచి బకెట్ లాక్కోవడమే, కాలిన దుకాణాలను బాగుచేసే మా వృత్తిలో అసలు కష్టం!

నన్ను ఎక్కువ భయపెట్టేది కాలిన కరెంటు వైర్లు. వాటి పీవీసీ ప్లాస్టిక్ తొడుగు నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. తేమ తగిలితే అదే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మంటలార్పిన నీళ్లు ఎలాగూ ఉంటాయి, వానాకాలమైతే చెప్పనే అక్కర్లేదు. షట్టర్లు తుప్పు పడతాయి, కంప్యూటర్ సర్క్యూట్లను ఆమ్లం లోలోపలే తినేస్తుంది. పనిచేస్తుందో లేదో చూద్దామని స్విచ్ వేయకండి, ముందు ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

పొగ మెట్లగది పట్టుకుని పైకి పోతుంది, చల్లని గోడల మీద పేరుకుంటుంది. మంట అంటని మేడ మీది గదిలో బీరువాలు తెరవండి, ఫాల్స్ సీలింగ్ పైన చూడండి.

బీమా ఉంటే కంపెనీకి వెంటనే తెలియజేసి, ఏదీ కడగకముందే ఫొటోలు తీయండి. పొగవాసన పట్టిన చీరలను మంచివాటితో కలపకండి. కాలిన సరుకును, నష్టం అంచనా వేసే బీమా సర్వేయర్ చూసేదాకా పారేయకండి.