‘మాకు బాగానే కనిపిస్తోంది’
(వెబ్ డెవలపర్ల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నా గురించి చెప్పిన దాంట్లో సగం పొగడ్త. దాన్ని వారి మంచితనం ఖాతాలో రాసేద్దాం. మిగతా సగం పాత సంగతులు. నిర్వాహకులకు, వేదిక మీది పెద్దలకు, వెనక గోడకానుకుని నిలబడ్డ కుర్రాళ్లకు కృతజ్ఞతలు. ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండయ్యా.

‘వెబ్ పేజీలో మార్కప్ తప్పులు పట్టుకోవడం, సరిదిద్దడం’ అని నా అంశం వేశారు. కోడ్‌లో తప్పులు వెతికిపెట్టే వ్యాలిడేటర్ లింకు తెర మీద పెట్టి, ఎర్రగా వచ్చినవన్నీ దిద్దుకోండి అనేసి పది నిమిషాల్లో దిగిపోవచ్చు. నేను దిగను. నాకొక ఫిర్యాదు ఉంది. అది చెప్పుకోవడానికే ఒప్పుకుని వచ్చాను.

ముందు ఒక్క ప్రశ్న. పేజీ రాశాక బ్రౌజర్లో తెరిచి, బాగానే ఉందని చూసుకుని, అక్కడితో పని అయిపోయిందనుకునేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. మొహమాటం వద్దు. సరే, దించండి. ఎత్తనివాళ్లలో కొందరు పక్కవాళ్లను చూసి ఆగారని నాకు తెలుసు.

జావాస్క్రిప్ట్‌లో తప్పు రాస్తే, బ్రౌజర్లో తప్పులు చూపే కన్సోల్ ఎర్రబడుతుంది. పేజీకి నిర్మాణం ఇచ్చే మార్కప్ భాష హెచ్‌టీఎమ్ఎల్‌లో తప్పు రాస్తే బ్రౌజర్ కిక్కురుమనదు. యజమాని తప్పు నలుగురికీ తెలియకుండా లెక్క సర్దేసే పాతకాలపు గుమాస్తా లాంటిది అది. సర్దుతుంది సరే, ఎలా సర్దిందో మీకు చెప్పదు.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. పేరాకి వాడే పి ట్యాగ్ తెరిచారు. ఒక వాక్యం రాశారు. ఇక్కడ జాబితా ఉంటే బాగుంటుందనిపించి జాబితా ట్యాగ్ యూఎల్ పెట్టారు, లోపల ఒక్కో అంశానికి ఒకటి చొప్పున నాలుగు ఎల్ఐలు రాశారు, యూఎల్ మూశారు, చివర పి మూశారు. చూడ్డానికి ఎంత పద్ధతిగా ఉంది! కానీ పి లోపల యూఎల్ పెట్టకూడదు. యూఎల్ కనబడగానే బ్రౌజర్ మీ పి ని తనే మూసేస్తుంది. ఇక మీరు చివర రాసిన ముగింపు ట్యాగ్‌కి మూయడానికి పి ఏదీ లేదు. దాన్ని పారేస్తుందా అంటే, అదీ లేదు. అక్కడ ఖాళీ పి ఒకటి పుట్టించి మూస్తుంది. హెచ్‌టీఎమ్ఎల్ ప్రమాణంలో అలాగే రాసుంది. పేజీ రూపం దిద్దే మీ సీఎస్ఎస్‌లో పి కి ప్యాడింగ్, అంటే లోపలి ఎడం ఉన్నా, ఆ భాగానికి వరుసగా అమర్చే ఫ్లెక్స్, మధ్య ఎడమిచ్చే గ్యాప్ ఇచ్చి ఉన్నా ఆ ఖాళీ పేరా జాగా తింటుంది. జాబితా కింద అంత ఎడం ఎందుకొచ్చిందని మీరు తల పట్టుకుంటారు. చివరికి మైనస్ మార్జిన్ ఒకటి తగిలించి ఊపిరి పీల్చుకుంటారు. ఆర్నెల్ల తర్వాత ఇంకొకరు ఆ మైనస్ మార్జిన్ చూసి, ఇదెందుకో తెలియదు గానీ తీస్తే చెడుతోందని పక్కన కామెంట్ రాస్తారు. ఇలాంటి కామెంట్లు ఎన్ని చూశానో!

తీరా వెతుకుదామని బ్రౌజర్లో ఇన్‌స్పెక్ట్ నొక్కుతారు. అక్కడే దెబ్బ తింటారు. ఇన్‌స్పెక్ట్ మీరు రాసింది చూపించదు. బ్రౌజర్ సర్దుకున్నాక తయారైన పేజీ నిర్మాణాన్ని, అంటే డామ్‌ను చూపిస్తుంది. అందులో ప్రతి ట్యాగూ మూసే ఉంటుంది, తప్పన్నదే ఉండదు. మీరు రాసింది రాసినట్టు చూడాలంటే వ్యూ సోర్స్ తెరవాలి. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే అది తప్పులున్న చోట్లను ఎర్రగా చూపిస్తుంది, మౌస్ పెడితే కారణం కూడా చెబుతుంది. సోర్స్ ఒక పక్క, ఇన్‌స్పెక్ట్ ఒక పక్క పెట్టుకుని రెండింటికీ ఎక్కడ తేడా వచ్చిందో చూడండి. ఈ పూట నేను చెప్పేవాటిలో ఇదొక్కటి గుర్తున్నా చాలు.

ఈ సర్దుబాటు గుణం మొదటినుంచీ ఉన్నదే. 1991లో వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్ లీ కొన్ని ట్యాగులతో మొదలుపెట్టిన నాటినుంచీ చేత్తో రాసేవాళ్లు తప్పులు రాస్తూనే వచ్చారు, బ్రౌజర్లు ఓర్చుకుంటూనే వచ్చాయి. కాకపోతే ఒక్కో బ్రౌజర్ ఒక్కో రకంగా ఓర్చుకునేది. దీన్ని దారిలో పెడదామని 2000లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఎక్స్‌హెచ్‌టీఎమ్ఎల్ తెచ్చింది. అది ఎక్స్ఎమ్ఎల్ అనే కఠిన నియమాల భాష క్రమశిక్షణ. ఒక్క ట్యాగ్ మూయకపోయినా పేజీకి బదులు ఎర్రర్ సందేశం వస్తుంది. ఆ రోజుల్లో ఫైర్‌ఫాక్స్ పసుప్పచ్చ తెర చూసినవాళ్లు ఇక్కడ ఇద్దరు ముగ్గురైనా ఉండాలి. నవ్వుతున్నారు, ఉన్నారన్నమాట! అయితే ఎక్స్‌హెచ్‌టీఎమ్ఎల్ రాశామని చెప్పుకున్నవాళ్లలో చాలామంది సర్వర్ నుంచి దాన్ని మామూలు హెచ్‌టీఎమ్ఎల్‌గానే పంపేవారు. క్రమశిక్షణ డాక్‌టైప్ వరకే, అంటే పేజీ ఏ రకమో చెప్పే మొదటి లైను వరకే. పైన పటారం, లోన లొటారం.

2004లో యాపిల్, మొజిల్లా, ఒపెరా మనుషులు కలిసి వాట్‌డబ్ల్యూజీ అనే బృందం పెట్టుకుని వేరే దారి పట్టారు. జనం తప్పులు రాయడం మానరు, కాబట్టి తప్పును ఎలా సర్దాలో కూడా ప్రమాణంలోనే రాసేద్దామన్నారు. టేబుల్‌లో గడి బయట పడ్డ వాక్యాన్ని ఎత్తి టేబుల్ పైన పెట్టాలి. లింకు లోపల ఇంకో లింకు తెరిస్తే మొదటిదాన్ని మూసెయ్యాలి. ఇలా అన్నిటికీ నియమం రాశారు. 2011లో ఫైర్‌ఫాక్స్ 4 ఈ పద్ధతి పార్సర్‌తోనే వచ్చింది. పార్సర్ అంటే బ్రౌజర్లో ట్యాగులు చదివి అర్థం చేసుకునే భాగం. ఇవాళ అన్ని బ్రౌజర్లూ ఒకే తప్పును ఒకే రకంగా సర్దుతున్నాయి. గొప్ప పని, కాదనను. కానీ ఆ గొప్ప పని మనలో ఒక ధీమా పెంచింది. ఏ బ్రౌజర్లో చూసినా ఒకేలా ఉంటోంది కదా, ఇంకేం కావాలని.

ఇక నా ఫిర్యాదుకొస్తాను.

నాకో మిత్రుడున్నాడు. చూపు లేదు. తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో కంప్యూటర్ వాడతాడు, నాకంటే వేగంగా. ఒక సంస్థ ఆన్‌లైన్ దరఖాస్తు నింపుతూ నాకు ఫోన్ చేశాడు. ‘ఒరేయ్, ఈ ఫారం వింతగా ఉంది. మొదటి గడి దగ్గర అభ్యర్థి పేరు సంరక్షకుడి పేరు అని రెండూ కలిపి చదువుతోంది. కింది గడులకి పేరే లేదు, ఎడిట్ బ్లాంక్ ఎడిట్ బ్లాంక్ అంటోంది. ఏది ఎందులో రాయాలి?’ అన్నాడు.

నేను తెరిచి చూశాను. కంటికి ముచ్చటగా ఉంది. అభ్యర్థి వివరాలు పైన, సంరక్షకుడి వివరాలు కింద, ప్రతి గడి పక్కనా పేరు. కింద ‘సంరక్షకుడి పేరు’ అన్న అక్షరాల మీద క్లిక్ చేశాను. కర్సర్ కింది గడిలోకి పోవాలి కదా? పైన అభ్యర్థి గడిలోకి ఎగిరింది. అప్పుడు సోర్స్ తెరిచాను. ఏం జరిగిందో మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. పై భాగాన్ని మొత్తం కాపీ చేసి కింద పేస్ట్ చేశారు. కంటికి కనబడే మాటలు మార్చారు. ఒక్కో గడిని గుర్తుపట్టే ఐడీలు మార్చలేదు. ఇన్‌పుట్‌కి ‘నేమ్’ అనే ఐడీ పైనా ఉంది, కిందా ఉంది. గడి పక్కన పేరు చూపే రెండు లేబుళ్లలోనూ, ఏ గడికి చెందిందో చెప్పే ఫర్ అన్నచోట ‘నేమ్’ అనే ఉంది. ఒకే ఐడీ రెండుచోట్ల ఉంటే లేబుల్ మొదటిదానికే అతుక్కుంటుంది. కాబట్టి పై గడికి రెండు పేర్లు, కింది గడికి ఒక్కటీ లేదు. నా మిత్రుడికి వినిపించింది అక్షరాలా నిజం. ఆ పేజీలో ఉన్నదే స్క్రీన్ రీడర్ చదివింది.

వ్యాలిడేటర్‌కి ఇస్తే ‘డూప్లికేట్ ఐడీ’ అని లైన్ నంబర్లతో సహా చూపించింది. దిద్దడానికి ఐదు నిమిషాలు పట్టని పని. లైన్ నంబర్లు, ఏం మార్చాలో, ఎందుకో, అన్నీ వివరంగా ఆ సంస్థకు రాశాను. జవాబు వచ్చింది. ‘మేము పరిశీలించాము. మాకు బాగానే కనిపిస్తోంది’ అని. దానికి ఒక స్క్రీన్‌షాట్ జత చేశారు.

స్క్రీన్‌షాట్! వినబడటం లేదు మొర్రో అంటే ఫొటో పంపారు. నా కోపం ఐడీల మీద కాదండీ. కాపీ పేస్ట్ అందరం చేస్తాం. ఆ స్క్రీన్‌షాట్ మీద నా కోపం. పేజీ అంటే తెర మీద కనిపించే బొమ్మ అనుకున్న మనిషి మాత్రమే దాన్ని రుజువుగా పంపగలడు. చివరికి మా వాడి దరఖాస్తు నేను ఫోన్లో అడిగి నింపాను. తన పని తను చేసుకోగలిగినవాడు ఇంకొకరిని బతిమాలాల్సి వచ్చింది, రెండు ఐడీల కోసం.

దీని మీద నాతో వాదించేవాళ్లున్నారు, ఈ సభలోనూ ఉండే ఉంటారు. వాళ్ల దగ్గర మంచి ఆధారమే ఉంది. వికలాంగులకూ పేజీలు అందేలా రాసిన యాక్సెసబిలిటీ మార్గదర్శకాలు డబ్ల్యూసీఏజీ 2.0 వచ్చిన 2008 నుంచీ అందులో 4.1.1 అని ఒక నియమం ఉండేది. ట్యాగులు సరిగ్గా మూయాలి, ఒకదానిలో ఒకటి పద్ధతిగా ఇమడాలి, ఐడీలు రెండుసార్లు రాకూడదు అని. 2023 అక్టోబర్లో 2.2 వచ్చినప్పుడు దాన్ని తీసేశారు. ‘చూశారా, వాళ్లే వదిలేశారు, ఇంకా మీకెందుకీ చాదస్తం’ అంటారు. ఎందుకు తీశారో కూడా చదవాలి కదా! స్క్రీన్ రీడర్ల వంటివి ఇప్పుడు హెచ్‌టీఎమ్ఎల్‌ను నేరుగా చదవాల్సిన పని లేదు, బ్రౌజర్ సర్ది ఇచ్చిందే వాడుకుంటాయి గనక, దీనికోసం ప్రత్యేకంగా నియమం అక్కర్లేదన్నారు. నష్టం ఉన్నవి వేరే నియమాల కిందికి వస్తూనే ఉన్నాయి. మా వాడి ఫారం పేజీ నిర్మాణం గురించిన 1.3.1లోనూ తప్పుతుంది, గడుల పేర్ల గురించిన 4.1.2లోనూ తప్పుతుంది. ఏ తప్పు వల్ల ఎవరికి నష్టమో పేజీ బొమ్మ చూసి తేల్చలేం. ముందు తప్పు కనబడాలి, తర్వాతే వదిలెయ్యాలో దిద్దాలో తేల్చుకునేది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సరే, వ్యాలిడేటర్ సంగతి గబగబా చెప్పేస్తాను.

డబ్ల్యూ3సీ వాళ్ల వ్యాలిడేటర్ ‘నూ’ చెకర్ ఉచితం. అడ్రస్ ఇవ్వొచ్చు, ఫైలు ఎక్కించవచ్చు, కోడ్ అతికించవచ్చు. లాగిన్ వెనకున్న పేజీలైతే వ్యూ సోర్స్ నుంచి కాపీ చేసి అతికించండి. ఇన్‌స్పెక్ట్ నుంచి కాపీ చేస్తే సర్దేసిన సరుకునే పరీక్షకి పంపినట్టు. యాభై ఎర్రర్లు వచ్చాయని బెంబేలెత్తకండి. మొదటిది దిద్దండి, మళ్లీ నడపండి. ఒక కొటేషన్ మార్కు మర్చిపోతే పార్సర్ తర్వాతి కొటేషన్ దాకా కనబడిందంతా మింగేస్తుంది, అక్కణ్నుంచి వచ్చే ఫిర్యాదులన్నీ దాని పిల్లలే. ఇంకో మాట. అది చూపే లైన్ నంబర్ తప్పు బయటపడ్డ చోటు. పుట్టిన చోటు దానికి పైన ఎక్కడో ఉంటుంది. పేజీలో భాగాలను చుట్టే డివ్ ట్యాగ్ మూయకపోతే దాని గురించి బాడీ ముగిసేచోట గొడవ చేస్తుంది. అప్పుడు పేజీలో సగం తీసేసి నడపండి, తప్పు ఏ సగంలో ఉందో తెలుస్తుంది. ఆ సగాన్ని మళ్లీ సగం చెయ్యండి. హెడర్ టెంప్లేట్‌లో తెరిచిన డివ్ ఫుటర్ టెంప్లేట్‌లో మూసే అలవాటున్నవాళ్లకి ఇది మరీ అవసరం.

జావాస్క్రిప్ట్‌లోనే ట్యాగులు రాసే జేఎస్ఎక్స్ అలవాటైన చేతులకు ప్రత్యేకంగా ఒకటి. డివ్ చివర స్లాష్ పెట్టి మూసేశామనుకునే అలవాటు మామూలు హెచ్‌టీఎమ్ఎల్‌లో చెల్లదు. ఆ స్లాష్‌ని పార్సర్ లెక్కచెయ్యదు. డివ్ తెరిచే ఉంటుంది, తర్వాతదంతా దాని కడుపులోకి పోతుంది.

వర్డ్ ప్రాసెసర్లో కోడ్ దాచుకునేవాళ్లు కూడా వినండి. అది నిటారు కొటేషన్లను వంపు కొటేషన్లుగా మార్చేస్తుంది. పార్సర్ లెక్కలో అవి కొటేషన్లు కావు, మామూలు అక్షరాలు. లింకు అడ్రస్‌కి రెండు వైపులా అవి అంటుకుపోతాయి. నొక్కితే మీ సైట్‌లోనే లేని పేజీ కోసం వెతికి, పేజీ లేదనే 404 చూపిస్తుంది. అడ్రస్ బార్లో శాతం గుర్తూ, ఈ2, 80, 9సీ కనబడితే వంపు కొటేషన్ ఉందేమోనని అనుమానించండి.

ఇక తెలుగు పేజీలు రాసేవాళ్ల కోసం. హెడ్‌లో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని చెప్పే మెటా ట్యాగ్ ఫైలు మొదటి 1024 బైట్లలోపే ముగియాలని నియమం. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో అక్షరానికి, గుణింతపు గుర్తుకి, పొల్లుకి, దేనికదే మూడేసి బైట్లు. ‘స్త్రీ’ అని రాస్తే ఆరు గుర్తులు, పద్దెనిమిది బైట్లు. పొడవాటి టైటిల్, దాని కింద తెలుగు వర్ణన, ఆ తర్వాత ఎప్పుడో ఆ మెటా ట్యాగ్ పెడితే గీత దాటిపోవచ్చు. సర్వర్ కూడా చెప్పకపోతే పేజీ అంతా చెత్త అక్షరాలయ్యే ప్రమాదం ఉంది. హెడ్ తెరవగానే మొదటి లైన్ అదే రాయండి. హెచ్‌టీఎమ్ఎల్ ట్యాగ్‌లో లాంగ్ దగ్గర తెలుగు కోడ్ ‘టీఈ’ ఇవ్వండి. అది లేకపోతే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతుకి మారాలని ఎలా తెలుస్తుంది? టెంప్లేట్‌లో వచ్చిన ‘ఈఎన్’ అలాగే వదిలేసిన తెలుగు పేజీలు కోకొల్లలు. అది వదిలేసి ఫాంటు అందం గురించి గంటలు మాట్లాడతాం.

ఒక హెచ్చరిక కూడా. వ్యాలిడేటర్ పచ్చగా వచ్చిందని జబ్బలు చరుచుకోకండి. బొమ్మకి ఆల్ట్, అంటే బొమ్మ బదులు చదివే వర్ణన ఉందా లేదా అనే అది చూస్తుంది. అందులో ‘ఫొటో1’ అని రాసినా ఊరుకుంటుంది. అది మనిషి చదివి చూడాల్సిందే.

చీటీ వచ్చింది, అయిపోయిందంటున్నారు. ప్రశ్నల సమయాన్ని నేను వాడుకుంటాను, కోప్పడకండి. మీలో ఎవరిదైనా ఫారం ఉన్న పేజీ ఒకటి కావాలి. ఎవరు? ఆ చివర చెయ్యెత్తిన అమ్మాయి, రామ్మా. ల్యాప్‌టాప్ ఈ తీగకి కలుపు. అడ్రస్ ఇచ్చి చెక్ నొక్కు. భయపడకు, నీ కోడ్‌ని తిట్టడానికి కాదు. వచ్చాయా? కిందికి పోవద్దు, పైకి రా. మొదటి ఎర్రర్ ఏ లైన్ అంటోందో అందరికీ వినబడేలా చదువు.