వంటింటి కొళాయి మార్చే ముందు

శ్రోతలకు నమస్కారం.

తిరుపతిలో బోరు నీళ్లు వాడే ఇంట్లో సింకు దగ్గర కొళాయి మూతి ఒకసారి చూడండి. చుట్టూ తెల్లగా సున్నం పేరుకుని ఉంటుంది. గోటితో గీకినా రాదు. కొత్త కొళాయి కొనేటప్పుడు దాని మెరుపు కంటే ముందు మన ఇంటి నీళ్లు గుర్తుకు రావాలంటాను నేను.

కిందటిసారి నేను ఆ మెరుపు చూసే కొన్నాను. చేతికి తేలిగ్గా ఉంది, ధర కూడా తక్కువే. రెండేళ్లు తిరక్కుండానే మెడ దగ్గర పూత లేచిపోయి, లోపల బూడిద రంగు లోహం బయటపడింది. అది జింకు మిశ్రమం. ఇత్తడిదైతే చేతిలో బరువుగా ఉంటుంది. వెనక మర లోపలికి తొంగి చూస్తే పసుపు రంగు కనిపిస్తుంది. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో కూడా చూడండి. 304 రకం స్టీలుదైనా మంచిదే.

ఇక ఎత్తు. మా అమ్మ సంగటి కెలికిన దబర కడగాలంటే పాత కొళాయి కింద నిలబెట్టడానికి కుదిరేది కాదు. పక్కకు వాల్చి, అడుగంటిన సంగటి మీదికి చెంబుతో నీళ్లు పోసుకునేది. అందుకే మీ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద గిన్నె ఎత్తు టేపుతో కొలుచుకుని మరీ షాపుకు వెళ్లండి. మెడ అటూ ఇటూ తిరిగేదైతే ఇంకా సుఖం.

షవరులాగా బయటికి లాగే కొళాయిలు చూడ్డానికి బాగుంటాయి. కానీ వాటికి నీళ్ల ఒత్తిడి బాగా ఉండాలి. ఒత్తిడిని బార్లలో కొలుస్తారు. నీళ్లు పది మీటర్ల ఎత్తు నుంచి దిగితేనే ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మన ట్యాంకు మిద్దె మీద మూడు, నాలుగు మీటర్ల ఎత్తులోనే ఉంటే అందులో మూడో వంతే. అలాంటి ఇంట్లో ఆ కొళాయి నుంచి ధార సన్నగా వస్తుంది. ఎంత ఒత్తిడి కావాలో అట్టపెట్టె మీద రాసి ఉంటే చదవండి, లేకుంటే షాపులో అడగండి. మూతి దగ్గర ఉండే జాలీ మర విప్పితే ఊడొచ్చేదై ఉండాలి. నెలకోసారి దాన్ని నిమ్మరసంలో నానేస్తే సున్నం కరిగిపోతుంది.

బిగించేటప్పుడు ముందు ట్యాంకు వాల్వు కట్టేయాలి. పాతది విప్పాక కాసేపు పైపులో నీళ్లు వదలండి. ఇసుక, పైపు తురుము కొట్టుకుపోతాయి. ఇది చాలామంది చెయ్యరు. కొళాయి లోపల నీళ్లను ఆపే సిరామిక్ బిళ్లల మధ్య ఒక్క ఇసుక రేణువు చేరినా గీత పడి, చుక్కచుక్కగా కారడం మొదలవుతుంది. మర దగ్గర నీళ్లు కారకుండా చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపును, మర కొన మన వైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కున పది, పన్నెండు చుట్లు చుట్టాలి. వెనక్కి చుడితే బిగించేటప్పుడు ఊడిపోతుంది. పానా వేసే చోట గుడ్డ చుట్టండి, పూత గీసుకుపోదు. చేతికి గట్టిగా తగిలాక బలమంతా పెట్టొద్దు. గోడలో ఉన్న ప్లాస్టిక్ ఎల్బో, అంటే పైపు వంపు ముక్క, పగిలితే టైల్సు పగలగొట్టాల్సి వస్తుంది.

రాత్రి పడుకోబోయే ముందు సింకు కింద పాత న్యూస్ పేపరు పరచండి. తెల్లారి దాని మీద ఎక్కడైనా తడి మచ్చ ఉందేమో చూడండి. మా ఇంట్లో మొదటి రోజు రూపాయి బిళ్లంత మచ్చ కనిపించింది. విప్పి ఇంకో నాలుగు చుట్లు టేపు చుట్టాను. మరుసటి పొద్దున పేపరు పొడిగా ఉంది. అమ్మ దబరను కొళాయి కింద నిటారుగా నిలబెట్టి నీళ్లు పట్టింది.