నవ్వించే సైఫై వెనక లెక్క

అందరికీ నమస్కారం.

సరదాగా సాగే సైన్స్ ఫిక్షన్ సాహస నవల అనగానే రైల్లో చదివి సీటు మీద వదిలేసే సరుకనుకుంటాం. ఈ సాయంత్రం నేను వాదించేది దానికి పూర్తిగా ఎదురుమాట. ఈ నవలల్లో సరదా పుట్టేదే లెక్క గట్టిగా ఉండటం వల్ల. ఏడిపించే నవలలో శాస్త్రం ఒకచోట జారినా పాఠకుడు కన్నీళ్ళలో గమనించకపోవచ్చు. నవ్వుతున్న పాఠకుడి బుర్ర మాత్రం చురుగ్గా ఉంటుంది, తప్పు దొరికితే రచయితను వదలడు.

జూల్ వెర్న్ 'ఎనభై రోజుల్లో భూప్రదక్షిణ' తీసుకోండి. 1872లో పారిస్ దినపత్రిక 'ల తాం'లో ధారావాహికగా వచ్చింది. ఇందులో వింత యంత్రమేమీ లేదు, కానీ ముగింపు నిలబడింది భౌగోళిక శాస్త్రం మీదే. ఫిలియాస్ ఫాగ్ అక్టోబరు 2 రాత్రి 8:45కి లండన్‌లో రైలెక్కుతాడు. డిసెంబరు 21 రాత్రి 8:45కల్లా క్లబ్బులో ఉండాలి. పందెం 20,000 పౌండ్లు. మన దేశంలోకి వచ్చాక రైలు ఉన్నట్టుండి ఆగిపోతుంది. పట్టాలు అక్కడితో సరి! దారంతా పూర్తయిందని పత్రికలు రాసేశాయి, అలహాబాద్ వైపు ఇంకో యాభై మైళ్ళు మాత్రం వెయ్యనేలేదు. ఫాగ్ మొహంలో మార్పు లేదు. 2,000 పౌండ్లు పోసి ఏనుగును కొంటాడు. ఆ బేరం మనల్ని నవ్విస్తుంది, ఎందుకంటే గడియారం మన తలలో కూడా నడుస్తూ ఉంటుంది. గడువు లేకపోతే అది ఉత్త ఏనుగు.

ఇక ఆఖరి మలుపు. నూటయాభై ఏళ్ళు దాటింది కాబట్టి గుట్టు విప్పినా తప్పులేదు. ఫాగ్ తూర్పుకు వెళ్తున్నాడు. తూర్పుకు జరిగే ఒక్కో డిగ్రీకి స్థానిక సమయం 4 నిమిషాలు ముందుకొస్తుంది. 360ని నాలుగుతో హెచ్చిస్తే 1,440 నిమిషాలు, అంటే 24 గంటలు. ఫాగ్ ఎనభై మధ్యాహ్నాలు చూసేసరికి లండన్‌లో కూర్చున్నవాళ్ళు చూసింది డెబ్బై తొమ్మిదే. ఓడిపోయాననుకున్న మనిషికి ఒక రోజు మిగిలి ఉంది. అసలు గడుసుతనం ఎక్కడుందంటే, ఈ గుట్టును వెర్న్ మొదట్నుంచీ మన కళ్ళముందే ఉంచాడు. నౌకరు పాస్‌పార్టూ తన గడియారం లండన్ సమయం నుంచి మార్చనంటాడు, తప్పు సూర్యుడిదేనంటాడు. మనం నవ్వేసి ముందుకెళ్తాం. జోకులో దాచిన ఆధారాన్ని ఎవరూ వెతకరు. పరిశీలించి చూస్తే ఒక లొసుగుంది: అమెరికాలో దిగాక ఒక్క దినపత్రిక మీది తేదీ చూసినా విషయం బయటపడాలి. వెర్న్ అక్కడ మనకు ఊపిరి తీసుకునే సందివ్వడు, అందుకే తప్పించుకున్నాడు.

ఈ కాలానికి వస్తే ఆండీ వియర్ 'ది మార్షియన్'. ముందు తన వెబ్‌సైటులో అధ్యాయాలుగా పెట్టాడు, చదివినవాళ్ళు శాస్త్రంలో పొరపాట్లు పట్టి చెప్పారు, సరిదిద్దాడు. 2014లో పెద్ద ప్రచురణ సంస్థ ద్వారా పుస్తకంగా వచ్చింది. అంగారకుడి మీద ఒంటరిగా చిక్కిన మార్క్ వాట్నీ దగ్గర పన్నెండు బంగాళాదుంపలున్నాయి, మట్టి తడపడానికి చాలినన్ని నీళ్ళు లేవు. హైడ్రజీన్ ఇంధనాన్ని ఇరిడియం ఉత్ప్రేరకం మీద పోస్తే నైట్రోజన్, హైడ్రోజన్‌గా విడిపోతుంది. ఆ హైడ్రోజన్‌ను ఆక్సిజన్‌తో మండిస్తే నీళ్ళు. పద్ధతి సరైనదే, కానీ పేలింది. కారణం చూడండి: గదిలో ఆక్సిజన్ ఎంతుందో లెక్క కట్టాడు, తాను బయటికి వదిలే ఊపిరిలో ఉండేదాన్ని మర్చిపోయాడు. మామూలుగా మనం పీల్చే గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటే, వదిలేదాంట్లో ఇంకా 16 శాతం దాకా మిగిలే ఉంటుంది. ప్రమాదం విలన్ వల్ల రాలేదు, ఉల్కా పడలేదు. హీరో సొంత ముక్కులోంచి వచ్చింది. హాస్యమూ శాస్త్రమూ ఒకే వాక్యంలో పనిచేయడమంటే ఇదీ.

ఇంత నిక్కచ్చి రచయిత కూడా ఒక అబద్ధం ఆడాడు, అదీ తెలిసే. కథను మొదలెట్టే తుఫాను అక్కడ సాధ్యం కాదు. అంగారకుడి మీద వాయుపీడనం భూమి మీదున్న దాంట్లో ఒక శాతం కూడా ఉండదు, ఆ గాలి రాకెట్టును ఒరగదోయలేదు. పాఠకులు క్షమించారు. మొదటి పేజీల్లోనే ఒక్కసారి అడిగిన మినహాయింపును క్షమిస్తారు. ఇదే తుఫాను చివర్లో వచ్చి హీరోను రక్షించి ఉంటే పుస్తకం విసిరేసేవాళ్ళు.

డగ్లస్ ఆడమ్స్ మాత్రం ఈ సూత్రాన్ని తలకిందులు చేశాడు. 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' 1978 మార్చి 8న బీబీసీ రేడియో 4లో నాటకంగా మొదలై, మరుసటేడు నవలైంది. అంతరిక్ష రహదారికి అడ్డమని భూమిని కూల్చేస్తారు. ప్లాను ఆల్ఫా సెంటారీలో యాభై ఏళ్ళుగా నోటీసు బోర్డు మీదే ఉందట, మీరెందుకు వెళ్ళి చూసుకోలేదని ఎదురు ప్రశ్న. మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరిగిన వాళ్ళెవరికీ ఇది వివరించక్కర్లేదు. భూమి కూలేముందే తప్పించుకున్న హీరోలను, ఆ కూల్చినవాళ్ళే కాసేపటికి తమ ఓడలోంచి శూన్యంలోకి గెంటేస్తారు. వాళ్ళను ఎవరైనా కాపాడటం నమ్మశక్యం కాదు. అయితే నమ్మశక్యం కాకపోవడమే ఇంధనంగా నడిచే ఓడ వచ్చి కాపాడుతుంది! చిక్కునే పరికరంగా మార్చడం ఇది. పుస్తకంలో ఊపిరి బిగబట్టి ముప్పై సెకన్లు బతకొచ్చని ఉంది, దాన్ని నమ్మకండి. శూన్యంలో ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులు చీలిపోతాయి. స్పృహ పది, పదిహేను సెకన్లకు మించి నిలవదు.

ఈ తరహా నవలలు ఎక్కడ చెడతాయి? ఎక్కువగా హీరో నోటి దగ్గరే. తుపాకీ గురిపెట్టినప్పుడల్లా అతను చమత్కారం విసిరితే మూడోసారికి మనకు భయం పోతుంది, భయంతోపాటు నవ్వూ పోతుంది. వాట్నీ జోకులు పనిచేయడానికి కారణం, అవి వాటంతట అవి ప్రమాదాన్ని ఒక్క అంగుళం కూడా తగ్గించకపోవడం. ఇంకోటి, యంత్రం ఏం చేయలేదో చెప్పకపోవడం. కాలయంత్రం ఎప్పుడంటే అప్పుడు, ఎక్కడికంటే అక్కడికి పోగలిగితే కథే లేదు. సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369' (1991) నవల కాకపోయినా ఇక్కడ చెప్పుకోవాలి. కాలయంత్రంలో వెళ్ళినవాళ్ళు ముందు 1526 నాటి కృష్ణదేవరాయల కొలువులో, ఆ తర్వాత 2504లో తేలతారు. అనుకున్న చోటికి తిన్నగా చేరకపోవడమే ఆ సినిమాకు చోదకశక్తి.

కొత్తవాళ్ళు దేనితో మొదలెట్టాలని అడుగుతారు. పన్నెండేళ్ళ పిల్లలకు వెర్న్, పక్కన ఒక గ్లోబు పెట్టి. ఇంజనీరింగ్ చదివేవాళ్ళకు వియర్, వాళ్ళు కాగితం పెన్ను తీసి లెక్కలు సరిచూస్తారు, చూడనివ్వండి. ఆడమ్స్‌ను మాత్రం ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన వారికిస్తాను. ఫైళ్ళ గురించిన పేజీలు వాళ్ళకు అర్థమైనంతగా ఇంకెవరికీ కావు.