లీడర్ అంటే ఎవరండీ? కాకినాడ ప్రయోగం నుంచి డ్వాక్రా సంఘం దాకా

యాంకర్: రికార్డింగ్ మొదలైందక్కా. ఇందాక బయట టీ తాగుతూ ఒక మాటన్నారు, అది మళ్లీ చెప్పాలి. మా కాకినాడ వ్యాపారుల మీద అమెరికా ప్రొఫెసర్ ప్రయోగం చేశాడని.

అతిథి: చేశాడు. సూదులు గుచ్చే ప్రయోగం కాదులే. డేవిడ్ మెక్లెలాండ్ అని హార్వర్డ్ సైకాలజిస్టు. 1964, 65లో మీ ఊరి వ్యాపారులు యాభై మందికి పైగా బ్యాచ్‌లుగా హైదరాబాద్ వచ్చారు. చిన్న పరిశ్రమల వాళ్లకు శిక్షణ ఇచ్చే సంస్థ అక్కడ అప్పటికే ఉంది. యూసుఫ్‌గూడలో ఇప్పుడు ఎంఎస్ఎంఈ సంస్థ అంటారే, అదే. పది రోజులు అక్కడే తిండి, అక్కడే పడక.

యాంకర్: ఏం నేర్పారు? జమాఖర్చులా?

అతిథి: లెక్కలూ కాదు, సరుకు అమ్మడమూ కాదు. ఒక బొమ్మ చూపించి కథ రాయమనేవాళ్లు. ఎవరో ఒకతను బల్ల ముందు కూర్చుని ఆలోచిస్తున్నాడనుకో. "ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడు" అని నువ్వు రాస్తే ఒక లెక్క. "ఈ మిషను ఇంకా బాగా నడవాలంటే ఏం చేయాలా అని చూస్తున్నాడు" అని రాస్తే ఇంకో లెక్క. రెండో రకం కథలు రాయడం అలవాటైతే మనిషి ఆలోచించే తీరు మారుతుంది, తర్వాత చేసే పనీ మారుతుంది అని ఆయన నమ్మకం. ఇంకోటి రింగులాట. తిరునాళ్లలో సబ్బుబిళ్ల మీదకు రింగు విసురుతామే, అలాంటిదే. ఇక్కడ ఎంత దూరం నుంచి వేస్తావో నువ్వే ఎంచుకోవాలి.

యాంకర్: నేనైతే పక్కనే నిలబడి వేస్తా.

అతిథి: చిన్నప్పుడు మనమంతా అంతే. మరీ దగ్గరైతే గెలుపులో మజా లేదు, మరీ దూరమైతే అంతా అదృష్టం. కాస్త కష్టపడితే పడే దూరాన్ని ఎంచుకునేవాడు వ్యాపారంలోనూ అలాగే చేస్తాడని ఆయన లెక్క. ఆ తర్వాత ఎవరికి వాళ్లు తమ వ్యాపారానికి గురి పెట్టుకుని ఊరికి వెళ్లాలి.

యాంకర్: మరి పనిచేసిందా? ఊరికే హైదరాబాద్ చూసొచ్చారా?

అతిథి: అది తేల్చడానికే పక్కన రాజమండ్రిని పెట్టుకున్నారు. అప్పట్లో అదే జిల్లా, అదే గోదావరి నీళ్లు, దాదాపు అలాంటి వ్యాపారాలే. వాళ్లకు శిక్షణ లేదు. రెండేళ్ల తర్వాత చూస్తే, వెళ్లొచ్చినవాళ్లలో సుమారు సగం మంది ఏదో కొత్త పని ఎత్తుకున్నారు. కొత్త వ్యాపారమో, కొత్త మిషనో, ఇంకొంతమంది పనివాళ్లో. వెళ్లనివాళ్లలో అది పావు వంతు. 1969లో ఇదంతా పుస్తకంగా వచ్చింది.

యాంకర్: రాజమండ్రి వాళ్లు ఈ ఎపిసోడ్ వింటే నన్ను బతకనివ్వరు.

అతిథి: (నవ్వు) వాళ్ల తప్పేం లేదయ్యా, పిలవలేదంతే. అయితే నాకు నచ్చింది ఆ సగమూ పావూ కాదు. అప్పట్లో పడమటి దేశాల్లో పెద్ద నమ్మకం ఒకటుండేది. కులం, కర్మ, ఉమ్మడి కుటుంబం, ఇవన్నీ పోతే గానీ ఇండియాలో మనిషి ముందుకు రాడని. కాకినాడలో చూస్తే, కొత్త పని మొదలుపెట్టినవాళ్లు పంచె కట్టుకునే మొదలుపెట్టారు. పూజలు మానలేదు, కులం మాట వదల్లేదు. పాత నమ్మకాలు అడ్డొచ్చినట్టు కనపడలేదని వాళ్లే రాసుకున్నారు.

యాంకర్: మరి అడ్డొచ్చిందేంటి?

అతిథి: గల్లాపెట్టె. వ్యాపారం పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లలోనే మార్పు గట్టిగా కనిపించింది. తాళంచెవి నాన్న మొలలో ఉంటే, కొడుకు పది రోజులు కాదు పది నెలలు నేర్చుకొచ్చినా చేసేదేముంది?

యాంకర్: అక్కా, ఇది మా ఇంటి కథ. మా నాన్నగారి చేతిలోంచి బిల్లు పుస్తకం నా చేతికి రావడానికి ఆయనకు కళ్లజోడు మార్చాల్సి వచ్చింది. అది కూడా అంకెలు కనపడక ఇచ్చారు గానీ నా మీద నమ్మకంతో కాదు.

అతిథి: చూశావా. ఇప్పుడు కంపెనీలు లీడర్‌షిప్ ట్రైనింగ్ అని రిసార్టులకు పంపుతాయి. పంపించిన మనిషికి వెనక్కొచ్చాక ఒక్క సంతకం చేసే అధికారమైనా ఉందా అని మాత్రం ఎవరూ అడగరు.

యాంకర్: మీరు ఇప్పుడు చేస్తున్న పని అదే కదా, వేరే వేరే దేశాల్లో ఈ ట్రైనింగులు ఎలా పనిచేస్తున్నాయో చూడటం.

అతిథి: అవును. కానీ సగం రోజులు నాకు మాటలతోనే సరిపోతోంది. ఒక సంస్థ, పేరొద్దులే, బయట దేశం నుంచి వచ్చిన ప్రశ్నపత్రాన్ని తెలుగులో పెట్టించింది. సూపర్‌వైజర్లకు ఇచ్చారు. అందులో "మీరు చొరవ తీసుకుంటారా?" అని ఒక ప్రశ్న. ఒక పెద్దాయన "ఎప్పుడూ లేదు" అని టిక్కు పెట్టాడు. ముప్పై ఏళ్లుగా షెడ్డు మొత్తం నడుపుతున్న మనిషి! ఏంటి బాబాయ్ అని అడిగితే, "ఆడపిల్లలు పనిచేసే చోట చొరవేంటమ్మా, మర్యాద కాదు" అన్నాడు.

యాంకర్: అయ్యబాబోయ్. "వాడికి చొరవ ఎక్కువ" అనే చొరవ!

అతిథి: అదే. ఆయన రిపోర్టులో మాత్రం "ముందడుగు వేసే గుణం తక్కువ" అని వచ్చింది. ఇక "లీడర్" అన్న మాట ఉంది చూడు. "మీరు లీడరని అనుకుంటున్నారా?" అంటే, "మనకెందుకండీ రాజకీయాలు" అంటారు. ఖద్దరు చొక్కా గుర్తొస్తుంది. అదే "మీ దగ్గర పెద్దరికం ఎవరిది?" అని అడుగు, గంట మాట్లాడతారు. పెద్దరికంలో వయసుంది, బాధ్యతుంది, తగువు తీర్చడముంది, అవసరానికి చేబదులు ఇవ్వడం కూడా ఉంది. ప్రశ్నపత్రంలో దీనికి గడే లేదు.

యాంకర్: అయితే అన్ని దేశాలకూ ఒకే పత్రం పంచడం దండగేనా?

అతిథి: దండగ అనను. చేసినవాళ్లు చిన్నవాళ్లేం కాదు. హాఫ్‌స్టెడ్ అని డచ్ ఆయన, 1967 నుంచి 73 దాకా ఐబీఎం ఉద్యోగులు నింపిన 1,16,000 పత్రాలు పట్టుకుని దేశాలకు మార్కులు వేశాడు. పైవాడికీ కిందివాడికీ మధ్య దూరాన్ని జనం ఎంత మామూలుగా తీసుకుంటారు అన్న లెక్కలో ఇండియాకు 77, డెన్మార్క్‌కు 18. ఈ అంకెలు ఇప్పటికీ ప్రతి ట్రైనింగ్ స్లైడు మీదా ఉంటాయి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటాం కదా. అక్కడ కుండలు, అంటే దేశాలు, నలభై. మెతుకులన్నీ ఐబీఎం అనే ఒకే హోటల్లోవి. అదొక్కటే నా పేచీ.

యాంకర్: మరి తర్వాత ఎవరూ సరిచేయలేదా?

అతిథి: రాబర్ట్ హౌస్ అని వార్టన్ ప్రొఫెసర్, 1990ల్లో గ్లోబ్ అనే పెద్ద ప్రాజెక్టు నడిపాడు. 62 సమాజాలు, 17,000 మంది దాకా మేనేజర్లు. నిజాయితీ, ముందుచూపు ఉండాలని అందరూ అన్నారు. చిరచిరలాడేవాడు, తన మాటే వేదం అనేవాడు వద్దని కూడా అందరూ అన్నారు. తేడా ఎక్కడొచ్చిందంటే "కన్నింగ్" అన్న మాట దగ్గర. ఏడు మార్కులకు కొన్ని చోట్ల రెండు కూడా రాలేదు, కొన్ని చోట్ల ఆరు దాటింది. సరే, దాన్ని తెలుగులో ఏమంటావు?

యాంకర్: జిత్తులమారి.

అతిథి: గడుసు అని కూడా అనొచ్చుగా? "మా అమ్మాయి గడుసుది, ఎక్కడైనా నెగ్గుకొస్తుంది" అని మురిసిపోతూ చెబుతాం. జిత్తులమారి అంటే పిల్లనివ్వం. ఏ మాట వేస్తే ఆ మార్కు. సరిచూసుకోవడానికి మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పించి చూస్తారు. రెండూ తిరిగొచ్చి కన్నింగ్ అనే వాలొచ్చు. అంటే పరీక్ష పాసవుతుంది, తప్పు అలాగే ఉంటుంది.

యాంకర్: మాట సరిగ్గా కుదిరితే గొడవ ఉండదన్నమాట.

అతిథి: అప్పుడూ ఉంటుంది! పై అధికారి తీరును కొలవడానికి జపాన్‌లో మిసుమి అనే ఆయన పెట్టిన పద్ధతి తీసుకుని పీటర్ స్మిత్ అనే బ్రిటిష్ పరిశోధకుడి బృందం నాలుగు చోట్ల అడిగింది. బ్రిటన్, అమెరికా, జపాన్, హాంకాంగ్. ఆ అధ్యయనం 1989లో వచ్చింది. అందులో ఒక ప్రశ్న ఇది. ఒక ఉద్యోగికి ఇంట్లో ఏదో కష్టం. అతను లేనప్పుడు పై అధికారి ఆ సంగతి తోటివాళ్లతో మాట్లాడాడు. ఇది మంచి అధికారి లక్షణమా, కాదా?

యాంకర్: కాదు. వెనకాల మాట్లాడటమేగా... ఉండండి. మా మిల్లులో మేస్త్రి అదే చేస్తాడు. "వాడి కూతురికి జ్వరమంట, బస్తాలు మీరు కాస్త ఎక్కువ మోయండ్రా" అంటాడు. అది మంచే.

అతిథి: జపాన్, హాంకాంగ్ నువ్వు రెండోసారి అన్నట్టే అన్నాయి. మనిషికి నేరుగా సిగ్గు కలగకుండా సాయం అందేలా చూశాడని. బ్రిటన్, అమెరికా నువ్వు మొదట అన్నట్టు. నువ్వేమో అర నిమిషంలో రెండు ఖండాలూ తిరిగొచ్చావు.

యాంకర్: మన దేశంలో మనవాళ్లు కట్టిన సిద్ధాంతమంటూ ఏదీ లేదా?

అతిథి: ఎందుకు లేదు, పాట్నాలో జె.బి.పి. సిన్హా. 1980లో పుస్తకం వేశారు. అమెరికా పుస్తకాలేమో అందరినీ కూర్చోబెట్టి అభిప్రాయం అడుగు అంటాయి. ఇక్కడ మేనేజరు అలా అడిగితే "ఈయనకే తెలియదు కాబోలు" అనుకుంటారని ఆయనకు అర్థమైంది. అలాగని కర్ర పట్టుకున్నవాడూ పనికిరాడు. మధ్యలో ఒకడున్నాడు. పని గట్టిగా రాబడతాడు, ఆప్యాయత చూపిస్తాడు, కానీ ఆ ఆప్యాయత పనితో ముడిపడి ఉంటుంది. కిందివాళ్లు కుదురుకున్న కొద్దీ పగ్గం వదులుతాడు. అమెరికా వాళ్ల పద్ధతి రాదని ఆయన అనలేదు, అక్కడికి వెళ్లే దారి ఇక్కడ ఇలా ఉంటుందన్నారు. పగ్గం వదిలే ఆ చివరి మెట్టు దగ్గరే మనవాళ్లు ఆగిపోతారు, అది నా అనుభవం.

యాంకర్: మీకెక్కడ తగిలింది?

అతిథి: ఇంకో చోట. పేరు చెప్పను. కిందివాళ్లు పేరు రాయకుండా బాస్ గురించి రాయాలి. విభాగాల వారీగా రిపోర్టు ఇచ్చారు. ఆ విభాగంలో ఉన్నదే నలుగురు! ఒకమ్మాయి "మా మాట వినరు" అని రాసింది. సోమవారం ఆయన నలుగురినీ పిలిచి, "ఎవర్రా అది, నేనేం అనుకోను, చెప్పండి" అన్నాడు. మరుసటేడు అందరూ పదికి పది వేశారు. బాస్ ఎదిగాడని కేకు కోశారు. ఆ రిపోర్టు తయారుచేసిన వాళ్లలో నేనూ ఉన్నాను, అందుకే గుర్తొచ్చినప్పుడల్లా ఇబ్బందిగా ఉంటుంది.

యాంకర్: టైం అయిపోతోందక్కా. ఆ డ్వాక్రా సంగతొకటి చెప్పేయండి.

అతిథి: ఆఁ. లీడర్ అంటే రాజకీయం కానిది నేను చూసింది అక్కడే. మొదటి లీడరు, రెండో లీడరు అంటారు. బ్యాంకుకు వెళ్లేది, సంతకం పెట్టేది వాళ్లు. గోదావరి పక్కన ఒక సంఘంలో మొదటి లీడరుతో పత్రం నింపిస్తున్నాను. "మీరెందుకు లీడరయ్యారు?" అంటే "నాకు ఉదయం పూట ఖాళీ, బ్యాంకు పనికి కుదురుతుంది" అంది. "రాబోయే అయిదేళ్లలో మీ బృందాన్ని ఎక్కడ చూడాలనుకుంటున్నారు?" అని అడిగాను. కాసేపు నా మొహం చూసింది. "అయిదేళ్లా? ఈ నెల సుబ్బలక్ష్మి కిస్తీ కట్టలేదమ్మా, వాళ్లాయనకు పని లేదు. ఆ డబ్బు తలా కాస్త వేద్దామా, వద్దా అని అందరం కూర్చున్నాం. ఇంతలో నువ్వొచ్చావు" అంది.

యాంకర్: ఆ గడిలో ఏం రాశారు మరి?

అతిథి: ఖాళీగా వదిలేసి నేనూ వాళ్ల పక్కన చాప మీద కూర్చున్నాను. చీకటిపడే దాకా తేలలేదు ఆ కిస్తీ సంగతి.