స్పై నవలలు నాకు ఎందుకు ఎక్కవు, ఇదొక్కటి ఎందుకు ఎక్కింది

తమ్ముడు: రికార్డింగ్ మొదలైంది అక్కా. ఫోను సైలెంట్‌లో పెట్టావా?

అక్క: పెట్టాను. నువ్వా ఫ్యాను ఆపు, పోయినసారి మనిద్దరి మాటల కన్నా దాని హోరే ఎక్కువ వినపడింది.

తమ్ముడు: ఆపేశా. సరే, ఈ వారం మా అక్క ఒక స్పై నవల చదివింది, మధ్యలో పడెయ్యకుండా చివరిదాకా. జాన్ లె కారే రాసిన ‘ద స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ద కోల్డ్’, 1963లో వచ్చింది. ముందే చెప్తున్నాం, కథ మొత్తం బయటపెట్టేస్తాం, ముగింపుతో సహా. చదువుదామనుకునేవాళ్ళు ఇక్కడ ఆపేసి, చదివాక రండి. చిన్న పుస్తకమే.

అక్క: చిన్నదే కాబట్టే ఒప్పుకున్నాను.

తమ్ముడు: అసలు నీకు స్పై కథలంటే ఎందుకంత చిరాకు?

అక్క: చిరాకేం కాదురా, ఎక్కవు, అంతే. చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపు నుంచి నువ్వు మధుబాబు షాడో నవలలు తెచ్చుకునేవాడివి, నేను కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ తెచ్చుకునేదాన్ని. యుగంధర్ కథలో ఒక హత్య జరుగుతుంది, ఎవరో ఒకడు చేసి ఉంటాడు, చివర్లో ఆయన విప్పి చెప్తాడు, నేను దీపం ఆర్పి పడుకుంటాను. నీ షాడో ఏమో ఒక దేశంలో దిగుతాడు, నలుగుర్ని కొడతాడు, ఇంకో దేశం వెళ్తాడు.

తమ్ముడు: షాడోని ఏమన్నా అంటే ఊరుకోను. మా బ్యాచ్‌కి తెలుగు గబగబా చదవడం వచ్చిందే ఆ పుస్తకాల వల్ల.

అక్క: అననులే. పెద్దయ్యాక ఇంగ్లీషువి కూడా పట్టుకున్నాను, మొహమాటానికి. ముక్కూ మొహం తెలియనివాళ్ళ పెళ్ళికి వెళ్తే ఎవరో వచ్చి ఈవిడ పెళ్ళికొడుకు మేనత్త, ఆయన ఆవిడ తోడికోడలి అన్న అని వరసలు చెప్తూ ఉంటే మనం తల ఊపుతూ ఉంటామే, అలా ఉంటుంది నాకు ఆ డిపార్ట్‌మెంట్లూ, ఆ పొడి అక్షరాలూ, ఒక్కో మనిషికి రెండేసి పేర్లూ. పైగా ప్రతిసారీ ప్రపంచమే మునిగిపోతూ ఉంటుంది. ప్రపంచం మునిగిపోతోందంటే నాకు టెన్షన్ రాదు. వీడి ఇంటి అద్దె ఎవరు కడుతున్నారు అని అనుమానం వస్తుంది.

తమ్ముడు: ఈ పుస్తకంలో ఆ అద్దె విషయమే కథని తిప్పేస్తుంది కదా!

అక్క: వస్తాను దానికి. ముందు మొదటి సీను చెప్పనీ. బెర్లిన్‌లో చెక్‌పోస్టు, రాత్రి. అలెక్ లీమస్ అని బ్రిటిష్ గూఢచారి, అక్కడ వాళ్ళ పనంతా చూసేవాడు, గంటలకొద్దీ ఎదురుచూస్తున్నాడు. మొదటి వాక్యంలోనే ఒక అమెరికన్ ఇంకో కప్పు కాఫీ ఇచ్చి, వెళ్ళి పడుకోరాదూ, అతను వస్తే మేం ఫోన్ చేస్తాంగా అంటాడు. తూర్పు వైపు నుంచి రావాల్సినవాడు కార్ల్ రీమెక్, లీమస్‌కి అక్కడ మిగిలిన ఆఖరి మనిషి. చివరికి వస్తాడు, సైకిలు మీద. కాగితాలు చూపించి దాదాపు దాటేశాడు అనుకునేలోపు లైట్లు పడతాయి, కాల్చేస్తారు. గూఢచారి అంటే మనకి 1966లో కృష్ణగారి ‘గూఢచారి 116’ నుంచీ సూటు, గన్ను, పాట కదా. ఇక్కడ సైకిలు తొక్కుకుంటూ వచ్చి చచ్చిపోయాడురా.

తమ్ముడు: అప్పటికి తూర్పు, పశ్చిమ బెర్లిన్‌ల మధ్య ఆ గోడ కొత్తది. 1961 ఆగస్టు 13 రాత్రి ముళ్ళకంచెలతో మొదలుపెట్టారు, తరవాత పశ్చిమ బెర్లిన్ చుట్టూ 155 కిలోమీటర్ల దాకా పెరిగింది. లె కారే అసలు పేరు డేవిడ్ కార్న్‌వెల్. అప్పుడాయన బాన్‌లో బ్రిటిష్ ఎంబసీ ఉద్యోగి, అది పైకి. లోపల ఎం.ఐ.6, బ్రిటన్ విదేశీ గూఢచార సంస్థ. అంతకుముందు దేశం లోపలి వ్యవహారాలు చూసే ఎం.ఐ.5లో కూడా చేశాడు. ఉద్యోగంలో ఉన్నారు కాబట్టి సొంత పేరుతో పుస్తకాలు వెయ్యకూడదు, అందుకే ఆ కలం పేరు. ఈ నవల కొన్ని వారాల్లోనే రాసేశానని చెప్పుకున్నాడు.

అక్క: వారాల్లో రాసినట్టే ఉంటుంది, ఎక్కడా ఆగదు. సరే, లీమస్ లండన్ వస్తాడు. వాళ్ళ బాస్‌ని కంట్రోల్ అంటారు, పేరు కూడా లేదు ఆయనకి. మర్యాదగా, నెమ్మదిగా, చలి గురించి గొణుక్కుంటూ మాట్లాడతాడు. అవతలివాళ్ళు దుర్మార్గం చేస్తున్నప్పుడు మన ప్రభుత్వం మంచిది కదా అని మన పద్ధతులు మెత్తగా ఉంచుకుంటే కుదురుతుందా అంటాడు. చూడ్డానికి పెద్దమనిషి తరహా. ఇలాంటి పెద్దమనుషులు ఆఫీసుల్లో తగులుతారు మనకి, గొంతు పెంచరు, పని మాత్రం మన ప్రాణం మీదికి తెచ్చి పెడతారు.

తమ్ముడు: ప్లాను చెప్పు వినేవాళ్ళకి.

అక్క: తూర్పు జర్మనీ ఇంటెలిజెన్స్‌లో ముంట్ అనేవాడు లీమస్ మనుషులందరినీ ఒక్కొక్కరినీ చంపించాడు. వాణ్ణి దెబ్బకొట్టాలి. దానికి లీమస్ చెడిపోయినట్టు కనపడాలి. తాగుబోతు, డిపార్ట్‌మెంటు డబ్బు తినేశాడన్న పుకారు, అరకొర పెన్షను, తరవాత ఉద్యోగం లేదు. అప్పుడు అవతలివాళ్ళే వచ్చి కొనుక్కుంటారు. వాళ్ళకి అమ్ముతున్నట్టుగా అబద్ధాలు అందించాలి, ముంట్ మన మనిషే అని వాళ్ళంతట వాళ్ళు అనుకునేటట్టు. ఇంతవరకూ తెలివైన ఎత్తే. నన్ను పట్టుకున్నది వేరే. చెడిపోయినట్టు నటించాలంటే తాగాల్సిందే కదా, ఆ విస్కీ నిజం విస్కీయే. గది చలి నిజం, ఆకలి నిజం, జైలు నిజం జైలు. వేషం వేసింది డ్యూటీ కోసమే కావచ్చు, దెబ్బలు మాత్రం ఒంటికే తగిలాయి. ఒకచోటికి వచ్చేసరికి ఇతను నటిస్తున్నాడా నిజంగానే అయిపోయాడా అంటే చెప్పలేవు, అతన్నే అడిగినా చెప్పలేడనుకుంటా.

తమ్ముడు: నాకు ఇక్కడో అభ్యంతరం ఉంది. రచయిత మనకి ప్లాను చెప్పడు. లీమస్‌కి తెలుసు, మనకి తెలియదు. యుగంధర్ ఇలా చేస్తే నువ్వు ఊరుకుంటావా?

అక్క: మంచి ప్రశ్నే. ఆ అధ్యాయాలు లీమస్ బుర్రలోంచి కాకుండా బయటి నుంచి చెప్తాడు, గమనించావా? పక్కింటివాళ్ళు చెప్పుకున్నట్టు, ఆఫీసులో అనుకున్నట్టు. తొండి ఉంది కానీ ఒద్దికైన తొండి. లీమస్‌కి తెలిసి మనకి తెలియనిది కొంత, లీమస్‌కే తెలియనిది అంతకన్నా పెద్దది. మామూలుగా ఈ కథల్లో నన్నొక్కదాన్నే మోసం చేస్తున్నారు అనిపిస్తుంది, హీరోకి అన్నీ తెలుసు, నేను మాత్రం బయట నిలబడ్డాను అని. ఇక్కడ నాతోపాటు అతన్నీ కలిపి మోసం చేశారు. అందుకే కోపం రాలేదు. అంటే వచ్చింది, రచయిత మీద కాదు.

తమ్ముడు: కిరాణా కొట్టు సీను గురించి చెప్తానన్నావు.

అక్క: ఆ. పుస్తకం మొత్తంలో నాకు నచ్చింది ఆ పేజీయే. లీమస్ ఒక చిన్న లైబ్రరీలో పనికి కుదురుతాడు, అక్కడ లిజ్ గోల్డ్ అనే అమ్మాయి పరిచయమవుతుంది. కమ్యూనిస్టు పార్టీ మెంబరు, మంచి పిల్ల. అతనికి జ్వరం వస్తే దగ్గరుండి చూసుకుంటుంది. ఇక మిగిలింది జైలుకి వెళ్ళడం, ఎందుకంటే జైలు నుంచి వచ్చినవాణ్ణే అవతలివాళ్ళు నమ్ముతారు. ముందురోజు రాత్రి ఆ అమ్మాయికి వీడ్కోలు చెప్తాడు, ఎందుకో చెప్పడు. మర్నాడు ఎప్పుడూ వెళ్ళే కిరాణా కొట్టుకెళ్ళి సరుకులు అరువు పెట్టమంటాడు. నేను నిన్నెరగను, అరువు లేదు అంటాడు కొట్టతను. అంతే, కొడతాడు. అప్పటిదాకా మామూలుగా నడిచిన వచనం అక్కడ పోలీసు రిపోర్టు గొంతులోకి మారిపోతుంది. దెబ్బలు రెండు, ఒకటి అరచేతి అంచుతో, ఒకటి మోచేత్తో, మొదటిదానికి చెంప ఎముక విరిగింది, రెండోదానికి దవడ జారింది అని సాక్షుల వాంగ్మూలం చదివినట్టు చెప్తాడు. ఏడుపు లేదు, ఆవేశం లేదు.

తమ్ముడు: ట్రైనింగ్ ఉన్నవాడి దెబ్బ అని తెలిసిపోతుంది.

అక్క: అది నీకు తెలుస్తుంది. నేను కొట్టతని గురించి ఆలోచించాను. అతను ఏ దేశం కోసం దవడ పోగొట్టుకున్నాడు? ఒప్పుకున్నాడా దీనికి? జీతం ఉందా? నేను వదిలేసిన స్పై కథలన్నిట్లో దారిన పోయేవాళ్ళ కార్లు పల్టీ కొడతాయి, కూరగాయల బళ్ళు ఎగిరిపోతాయి, హీరో పరిగెత్తుతూనే ఉంటాడు. ఇందులో ఆ బండివాడే కథ. మొదట కిరాణా అతను, తరవాత లిజ్, తరవాత ఫీడ్లర్.

తమ్ముడు: ఫీడ్లర్ ఎవరో చెప్పు.

అక్క: ముంట్ కింద పనిచేసే యూదు. తెలివైనవాడు, నమ్మిన సిద్ధాంతం ఉన్నవాడు. లీమస్ హెల్సింకీ, కోపెన్‌హేగెన్ బ్యాంకుల్లో ఎవరికో డబ్బు వేసొచ్చానని చెప్తే, ఆ తేదీలు ముంట్ ప్రయాణాలతో కలిపి చూసి, మా బాస్ బ్రిటిష్‌వాళ్ళ మనిషి అని పట్టేస్తాడు. కేసు విచారణకి వస్తుంది. అక్కడికి లిజ్‌ని సాక్షిగా పట్టుకొస్తారు పాపం, పార్టీ ఆహ్వానం అని చెప్పి. ఇదిగో అద్దె దగ్గరికి వచ్చాం. లీమస్ వెళ్ళిపోయాక కంట్రోల్ తరఫు మనిషి స్మైలీ అనే ఆయన ఆ అమ్మాయి ఇంటికెళ్ళి పలకరించాడు, ఆమె ఇంటి లీజు డబ్బు ఎవరో కట్టేశారు. ఆ మాట కోర్టులో బయటికి రాగానే లీమస్ వెనకాల లండన్ ఉందని తేలిపోయింది, ఫీడ్లర్ పని అయిపోయింది. అప్పుడు లీమస్‌కి వెలుగుతుంది, ముంట్ నిజంగానే లండన్ మనిషి. ఈ తతంగమంతా వాణ్ణి దించడానికి కాదు, కాపాడుకోవడానికి. వాణ్ణి అనుమానించిన ఒకే ఒక్కణ్ణి లేపెయ్యడానికి.

తమ్ముడు: నేను మొదటిసారి చదివినప్పుడు వెనక్కెళ్ళి మళ్ళీ చదివా ఆ చాప్టరు.

అక్క: నేనూ వెనక్కెళ్ళా, కాకపోతే ఇంకో పేజీకి. బయల్దేరే ముందు లీమస్ కంట్రోల్‌ని ఒకటే అడుగుతాడు, ఆ అమ్మాయి జోలికి వెళ్ళకండి అని. సరే అంటాడాయన. ఆ సరే అన్న పేజీ మళ్ళీ చదివితే ఒళ్ళు మండిపోయింది.

తమ్ముడు: నచ్చనివి లేవా?

అక్క: ఎందుకు లేవు. లిజ్‌ని ఇంకాస్త మనిషిగా రాయాల్సింది. ప్రేమించడం, బెంగపడటం, అమాయకంగా ప్రశ్నలు వెయ్యడం, అంతే ఆ పిల్లకి. పార్టీలో ఎందుకు చేరిందో కూడా పైపైనే. ఇక చివర్లో కార్లో వెళ్తూ లీమస్ ఆమెకి జరిగిందంతా వివరించడం ఉంది చూడు, అది మనకోసం పెట్టిన ట్యూషను క్లాసు. ఒప్పుకుంటా, ఆ క్లాసు నాకు అవసరమే పడింది.

తమ్ముడు: ఇంకో విషయం చెప్పాలి వీళ్ళకి. ఈ నవల అచ్చుకి వెళ్ళే ముందు ఆయన పై అధికారులు చదివి అనుమతి ఇచ్చారు. ఇదంతా కల్పన, దీనివల్ల రహస్యాలేం బయటపడవని వాళ్ళ ఉద్దేశం. బయట జనం మాత్రం ఇదే అసలు సంగతి, లోపలి మనిషి చెప్పేశాడు అని నమ్మారు. మరి కాలం అలాంటిది. 1961లో జార్జ్ బ్లేక్ అనే బ్రిటిష్ గూఢచారి సోవియట్లకి పనిచేశాడని తేలి 42 ఏళ్ళ శిక్ష పడింది, 1963 జనవరిలో అలాంటివాడే ఇంకొకడు, కిమ్ ఫిల్బీ, మాస్కో పారిపోయాడు. ఆ సెప్టెంబరులో ఈ పుస్తకం.

అక్క: గోడ దగ్గర చావులు కూడా పేపర్లలో వస్తూనే ఉన్నాయి కదా. 1962 ఆగస్టు 17న పీటర్ ఫెక్టర్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు గోడ దూకబోతుంటే కాల్చారు. దాదాపు గంటసేపు అందరూ చూస్తుండగానే నెత్తురు కారి చనిపోయాడు, రెండు వైపులా ఒక్కరూ దగ్గరికి పోలేదు. అది తెలిసినవాళ్ళు ఈ ముగింపు చదివితే ఎలా ఉండి ఉంటుందో.

తమ్ముడు: ముగింపులో లీమస్ గోడ ఎక్కేశాడు, లిజ్‌ని కాల్చారు. అటు దూకితే బతుకుతాడు. ఇటు దిగొచ్చేస్తాడు, ఆ అమ్మాయి పక్కకి. నాకైతే అది హీరో పని.

అక్క: నాకలా అనిపించలేదు. పుస్తకం మొత్తంలో అతను సొంతంగా తీసుకున్న నిర్ణయం అదొక్కటే. తాగమంటే తాగాడు, జైలుకెళ్ళమంటే వెళ్ళాడు, ఇదొక్కటి మాత్రం ఏ కంట్రోలూ చెప్పలేదు. అటువైపు నుంచి స్మైలీ దూకు, దూకు అని అరుస్తున్నా వినలేదు.

తమ్ముడు: స్మైలీ ఆ అమ్మాయి ఎక్కడ అని కూడా అడిగాడు, అది మర్చిపోకు. ఈ ఆపరేషన్ అతనికి ఇష్టం లేదని ముందే ఉంది పుస్తకంలో.

అక్క: ఇష్టం లేకుండానే వెళ్ళి ఆమె గుమ్మం తట్టాడు కదరా! మనస్సాక్షి ఉండి చేసినవాడి మీదే నాకు ఎక్కువ మంట. ముంట్ ఎలాగూ ముంటే.

తమ్ముడు: అయితే 1974లో వచ్చిన ఇంకో నవల ఉంది, అందులో స్మైలీయే కథానాయకుడు. చదువుతావా? దీనికన్నా బాగా పెద్దది మరి.

అక్క: డిపార్ట్‌మెంట్ల పేర్లు ఉంటాయా?

తమ్ముడు: బోలెడు. మారుపేర్లు కూడా.

అక్క: సరే, పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి పంపు. ఎవరు ఎవరి మనిషో మాత్రం రాయకు.