అమ్మ వేసిన ముగ్గు, 750 అడుగుల గీత

అందరికీ నమస్కారం. ఇవాళ నేను మాట్లాడబోయేది పెరట్లో కట్టుకునే చిన్న ఇంటి గురించి. కాలిఫోర్నియా సిటీ ఆఫీసుల్లో దాన్ని ఏడీయూ అంటారు. మన ఇళ్ళల్లో అయితే "అమ్మావాళ్ళ ఇల్లు" అనే అంటున్నాం.

మా ఇంట్లో ఆ మాట ముగ్గుపిండితో మొదలైంది. ఒకరోజు పొద్దున మా అమ్మ పెరట్లోకి వెళ్ళి నేల మీద గీతలు వేసింది. ఇక్కడ మంచం, ఇక్కడ స్టవ్, తూర్పు వైపు దేవుడు. నేను టేపు పెట్టి కొలిస్తే 778 చదరపు అడుగులు వచ్చింది. డిజైనర్ కూడా అలాగే గీసిచ్చాడు. అది పట్టుకుని మా సిటీ ఆఫీసుకు వెళ్తే ఫీజుల అంచనా కాగితం ఒకటి చేతిలో పెట్టారు. పార్కుల ఫీజు, ట్రాఫిక్ ఫీజు, ఇంకా ఏవేవో. ఒక్క మేకు కొట్టకముందే కట్టాల్సిన డబ్బు అది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దారి చూపించింది పక్క వీధిలో ఉండే ఒక తెలుగాయన. డ్రాయింగ్ చూడగానే, "778 ఎందుకండీ? 750 లోపుకి తెచ్చేయండి" అన్నారు. కౌంటర్ దగ్గర ఆ ఒక్క మాట ఎవరూ చెప్పలేదు. అందుకే ఇవాళ మీకు చెప్తున్నాను.

2019లో కాలిఫోర్నియాలో ఎస్‌బీ 13 అనే చట్టం చేశారు. 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఏడీయూ 750 చదరపు అడుగుల కంటే తక్కువ ఉంటే సిటీ దాని మీద ఇంపాక్ట్ ఫీజు, అంటే పార్కులు, ట్రాఫిక్ లాంటి వాటి పేరుతో వేసే ఫీజు, వేయకూడదు. 750 అడుగులంటే మన లెక్కలో సుమారు 83 గజాలు. అంతకంటే పెద్దదైతే ఫీజు ఉంటుంది గానీ, అసలు ఇంటితో పోల్చి, దామాషా ప్రకారమే వేయాలి. పెద్ద ఇల్లు 2,000 అడుగులు, చిన్నది 800 అనుకోండి. పెద్ద ఇంటికి పడే ఫీజులో 40 శాతమే దీనికి పడాలి. మీ సిటీ ఇచ్చిన కాగితంలో ఈ లెక్క వేశారో లేదో మీరే చూసుకోవాలి.

ఇంతింత ఫీజులు ఎందుకు వచ్చాయి? 1978లో కాలిఫోర్నియా జనం ఓటేసి తెచ్చుకున్న ప్రాపొజిషన్ 13 ఆస్తి పన్నుకు కళ్ళెం వేసింది. సిటీలకు ఆదాయం తగ్గింది. దాంతో రోడ్లకీ పార్కులకీ అయ్యే ఖర్చు కొత్తగా కట్టుకునేవాళ్ళ నెత్తిన వేయడం అలవాటు చేసుకున్నాయి. వందల ఇళ్ళ లేఅవుట్ వేసే బిల్డర్ దగ్గర తీసుకుంటే తప్పులేదు. రోజూ అదే రోడ్డు మీద నడిచే మా అమ్మ గదికి ఎందుకు? ఈ మాఫీని ఎవరో పెట్టిన దానంగా నేను చూడను. అసలు వేయకూడని భారం అది, ఇప్పటికి తీశారు.

మాఫీ అంటే అన్నీ మాఫీ అనుకోకండి. ప్లాన్ చెక్, బిల్డింగ్ పర్మిట్ ఫీజులు కట్టాల్సిందే. కొత్త కట్టడాల మీద స్కూల్ డిస్ట్రిక్ట్ వేసే ఫీజుకి గీత వేరే, 500 చదరపు అడుగుల లోపు ఉంటేనే పడదు. నీళ్ళు, డ్రైనేజీ కనెక్షన్ చార్జీలు విడిగా కట్టే ఇంటికి పడొచ్చు. ఉన్న గరాజ్‌నే ఇల్లుగా మార్చుకుంటే అవి కూడా మామూలుగా ఉండవు. స్థలం ఇరుకైనవాళ్ళు ముందు గరాజ్ వైపు చూడండి.

పర్మిట్ ఫీజులు తీసేయడం సాధ్యం కాదని సిటీవాళ్ళు అంటే ఒప్పుకోకండి. శాన్ డియేగో కౌంటీ తన పరిధిలో 2019 నుంచి 5 ఏళ్ళపాటు వాటిని కూడా వదులుకుంది. ఆరెగాన్‌లో పోర్ట్‌లాండ్ 2010లోనే పెద్ద ఫీజులు ఆపి, 2018లో ఆ మాఫీని శాశ్వతం చేసింది. ఒక షరతు పెట్టింది: పదేళ్ళు ఆ ఇంటిని టూరిస్టులకు రోజువారీ అద్దెకి ఇవ్వకూడదు. ఆ షరతు నాకు నచ్చింది. జనం ఫీజు వదులుకున్నప్పుడు ఆ ఇంట్లో ఒక అమ్మో నాన్నో, లేదా ఇక్కడే ఉద్యోగం చేసుకునే అద్దెవాళ్ళో ఉండాలి. మన సిటీ కౌన్సిల్‌ని పర్మిట్ ఫీజు మాఫీ అడుగుదాం, ఆ షరతుకి మనమే ముందు ఒప్పుకుందాం.

మా ఇంటి సంగతి ముగించనివ్వండి. 778లోంచి కనీసం 29 చదరపు అడుగులు తీయాలి, మేం 32 తీశాం. అంటే ఒక ప్లైవుడ్ షీటంత. అమ్మ మళ్ళీ పెరట్లోకి వచ్చి, 32 అడుగుల గోడ గీతని కాలితో చెరిపి, ఒక అడుగు లోపలికి వేసింది. బట్టల అల్మారా చిన్నదైంది, వాషింగ్ మెషిన్ బాత్రూంలోకి వెళ్ళింది. దేవుడు మాత్రం తూర్పునే ఉన్నాడు. 746 వచ్చింది. రెండో కాగితంలో పార్కుల ఫీజు, ట్రాఫిక్ ఫీజు లేవు.

ఆ రెండు కాగితాలూ తెచ్చాను, వెనక టేబుల్ మీద పెట్టాను. డ్రాయింగ్ గీయించే ముందే ఒకసారి చూడండి. ఇప్పటికే గీయించినవాళ్ళు మీ కాగితాలు తీసుకురండి, కూర్చుని కలిసి లెక్క చూద్దాం.