పాత వీధిలో బండి ఎంతసేపు ఆగాలి?

అందరికీ నమస్కారం.

చిన్న ఊరు, పాత ఊరు, ఇరుకు వీధులు. అలాంటి చోట పార్కింగ్ మీద ఆంక్షలు పెట్టాలా వద్దా అని సభ పెడితే ఏం జరుగుతుందో మీలో చాలామంది చూసే ఉంటారు. వ్యాపారి లేచి, బండి ఆపనివ్వకపోతే నా కొట్టుకు ఎవరొస్తారు అంటాడు. ఆ వీధిలో కాపురం ఉండే ఆవిడ లేచి, నా ఇంటి ముందు నా బండికే చోటు లేదు అంటుంది. పాత కట్టడాలంటే ప్రాణం పెట్టేవాళ్లు, కార్లను పూర్తిగా ఆపేయండి అంటారు. గంట గడిచేసరికి గొంతులు పెరుగుతాయి. ముగ్గురూ చెప్పేది నిజమే. కానీ ముగ్గురిలో ఎవరి దగ్గరా లెక్క ఉండదు.

ఈ ఊళ్లు కట్టినవాళ్ల తప్పేమీ లేదు. మనుషులు, పశువులు, బరువు మోసే బండ్లు తిరగడానికి ఎంత వెడల్పు కావాలో అంతే వదిలారు. ఈ రోజు ఒక మామూలు కారు ఆపాలంటే దాదాపు 12 చదరపు మీటర్ల చోటు కావాలి. నాలుగు మీటర్ల వీధిలో ఒక పక్క కారు ఆగితే మిగిలేది రెండు మీటర్ల పైచిలుకు. అందులోంచి ఫైరింజన్ దూరదు. చక్రాల కుర్చీలో వెళ్లే మనిషి కారుకీ గోడకీ మధ్య ఇరుక్కుంటాడు. ఎదురుగా వాహనం వస్తే డ్రైవరు గట్టు మీదికి చక్రం ఎక్కిస్తాడు, వందల ఏళ్ల రాతి పలక కుంగుతుంది. కాబట్టి ఆంక్షలు అవసరమా అన్న ప్రశ్న దగ్గర నేను ఎక్కువసేపు ఆగను. అవసరమే. ఎలాంటివి, ఎవరికి అన్నదే మనం తేల్చుకోవాలి.

మన సభల్లో గొడవంతా చోటు గురించే. ఎన్ని బండ్లకు చోటుంది, ఇంకెన్నింటికి కావాలి అని. నా ఉద్దేశంలో మనం మాట్లాడుకోవాల్సింది సమయం గురించి. ఒక కొట్టు ముందు ఒకే ఒక్క కారుకు చోటుందనుకోండి. ఉదయం తొమ్మిదింటికి వచ్చిన కారు రాత్రి ఏడింటిదాకా కదలకపోతే ఆ చోటు పది గంటల్లో ఒక్కరికే పనికొచ్చింది. గంటకో కారు మారితే పదిమందికి పనికొస్తుంది. వీధి వెడల్పు ఒక్క అంగుళం పెరగలేదు, అయినా పదింతల మంది వచ్చి వెళ్లారు. వ్యాపారికి కావాల్సింది ఇదే కదా!

మరి రోజంతా కదలని ఆ కారు ఎవరిది? అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని పసడీనా అనే ఊళ్లో ఒక పాత బజారు ఉంది. ఒకప్పుడు అక్కడ పార్కింగ్ ఉచితం. కొనడానికి వచ్చినవాళ్లకు మాత్రం చోటు దొరికేది కాదు. ఎందుకంటే దుకాణాలవాళ్లు, వాటిలో పనిచేసేవాళ్లే పొద్దున్నే వచ్చి దగ్గరి చోట్లలో బండ్లు పెట్టుకునేవారు. బండి ఆగినంతసేపటికి డబ్బు వసూలు చేసే మీటర్లు పెడతామంటే వ్యాపారులు ససేమిరా అన్నారు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. మీటర్ల మీద వచ్చే డబ్బు ఆ బజారుకే ఖర్చు చేస్తామని నగరపాలక సంస్థ మాట ఇచ్చింది. 1993లో మీటర్లు వచ్చాయి. ఆ డబ్బుతో కాలిబాటలు బాగుచేశారు, చెట్లు, దీపాలు, బెంచీలు పెట్టారు, వెనక సందులు శుభ్రం చేశారు. పాడుబడిన బజారుకు జనం మళ్లీ రావడం మొదలుపెట్టారు. ఆ ఒప్పందం లేకపోతే అక్కడ మీటర్లు వచ్చేవే కావని నా నమ్మకం. వసూలు చేసిన సొమ్ము పెద్ద ఖజానాలో కలిసిపోతే, కట్టిన మనిషికి అది జరిమానాలాగే కనబడుతుంది.

చోటు వెతుక్కుంటూ తిరగడం సంగతి కూడా చెప్పాలి. డొనాల్డ్ షూప్ అనే ఆచార్యుడు దశాబ్దాల పాటు పార్కింగ్ మీదే పరిశోధన చేశారు. లాస్ ఏంజెలెస్‌లో 15 బ్లాకులున్న ఒక చిన్న వ్యాపార ప్రాంతంలో ఆయన బృందం లెక్క తీసింది. ఒక్కో డ్రైవరు చోటు కోసం తిరిగింది సగటున మూడు నిమిషాల పైచిలుకు, అంటే దాదాపు అర మైలు. చిన్న విషయంలాగే ఉంటుంది. ఏడాది మొత్తానికి కలిపితే అది 9,50,000 మైళ్లు అయింది. చంద్రుడి దాకా దాదాపు నాలుగు సార్లు వెళ్లేంత దూరం. పాత ఊళ్లో ఇలా తిరిగితే ఆ పొగంతా పాత గోడల మధ్యే తిరుగుతుంది. పొగలోని గంధకం సున్నపురాయితో కలిసి నల్లటి పొరగా పేరుకుంటుంది. తిరిగేవాడికి టెన్షన్, వీధిలో ఉండేవాళ్లకు దగ్గు. షూప్ చెప్పిన మందు సులువైనదే: ఏ వీధిలోనైనా సుమారు 85 శాతం చోట్లే నిండి ఉండాలి. అంటే ఏడింటిలో ఒకటి ఎప్పుడూ ఖాళీగా కనబడాలి.

మీటర్లకు మా దగ్గర డబ్బెక్కడిది అంటారా? 1957లో పారిస్‌లో బ్లూ జోన్ పెట్టారు, అంటే గడువు లోపలే బండి ఆపుకోవాల్సిన ప్రాంతం. యంత్రాలు లేవు. అట్టతో చేసిన గడియారం ఒకటి, కారు అద్దం వెనక పెట్టాలి. వచ్చిన వేళ దాని మీద తిప్పి పెడితే, గడువు దాటిందో లేదో తనిఖీ చేసే మనిషికి తెలుస్తుంది. యూరప్‌లో ఎన్నో చిన్న ఊళ్లు ఇప్పటికీ ఈ పద్ధతితోనే నెట్టుకొస్తున్నాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఒక వీధిలోకి రానివ్వకపోతే బండ్లు మాయమైపోవు, పక్క వీధికి పోతాయి, లేదా వేరే వేళకు వస్తాయి. క్రీస్తుపూర్వం 45లో జూలియస్ సీజర్ కాలంలో రోము నగరంలోకి పగటిపూట చక్రాల బండ్లు రాకుండా చట్టం చేశారు. ఆలయాలు కట్టే సామాను, కూల్చిన కట్టడాల శిథిలాలు మోసే బండ్లకు మినహాయింపు ఇచ్చారు. రెండు వేల ఏళ్ల కిందటే మినహాయింపుల జాబితా ఉందన్నమాట! పగలు ఆగిన బండ్లు రాత్రి కదిలాయి, ఆ చప్పుడుకు నిద్ర పట్టడం లేదని ఊరు గగ్గోలు పెట్టింది. అందుకే ఆంక్ష పెట్టే వీధితోపాటు దాని చుట్టూ ఉన్న నాలుగు వీధులనూ కలిపి చూడాలి. అక్కడ కాపురం ఉండేవాళ్లకు పర్మిట్లు, సరుకు దించే బండ్లకు వేళలు, నడవలేనివాళ్లకు గుమ్మం దగ్గరే చోటు ముందే రాసిపెట్టుకోవాలి.

స్పెయిన్‌లో పోంటెవెద్రా అని 80 వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరుంది. 1999 నుంచి అక్కడి పాతపేటలో కార్లను దాదాపు ఆపేశారు. నాకు నచ్చింది ఆపడం కాదు, ఆపాక చేసిన పని. ఊరి అంచుల్లో ఉచితంగా బండి పెట్టుకునే స్థలాలు చూపించారు. అక్కడి నుంచి ఎక్కడికి ఎన్ని నిమిషాల నడకో తెలిపే మ్యాపు వేశారు, మెట్రో రైలు మ్యాపులాగా. నడవాలంటే దూరమని మొరాయించే మనసుకు, పన్నెండు నిమిషాలే అని అంకె కనబడితే కాళ్లు కదులుతాయి.

కాబట్టి మళ్లీ సభ పెట్టేలోపు ఒక పని చేయండి. ఒక మామూలు రోజు, ఒక సెలవు రోజు, నోట్‌బుక్ పట్టుకుని అరగంటకోసారి వీధి చివరి దాకా నడవండి. ఆగిన ప్రతి బండి నంబరులో చివరి నాలుగు అంకెలు రాసుకోండి, అంతే. ఎన్ని వచ్చాయి, ఎన్ని రోజంతా ఉండిపోయాయి, ఖాళీ ఎప్పుడు దొరికింది అన్నీ ఆ నోట్‌బుక్‌లోనే తేలతాయి. వ్యాపారులూ వీధివాళ్లూ కలిసి నడిస్తే ఇంకా మంచిది, ఆ లెక్కను తర్వాత ఎవరూ కాదనలేరు. ఆ తర్వాత ఆంక్షలను ఆరు నెలల పాటు ప్రయోగంగా పెట్టండి, ముగిసే తేదీ మొదటి రోజే ప్రకటించండి, మళ్లీ అదే లెక్క తీయండి.

చివరగా ఒక మాట, ఇది నన్ను చాలా రోజులుగా బాధపెడుతోంది. దగ్గరి చోట్లు ఖాళీ చేయమంటే ముందుగా దూరం వెళ్లాల్సింది కొట్లలో జీతానికి పనిచేసేవాళ్లు. రాత్రి షట్టరు దించాక చీకట్లో ఊరి చివరిదాకా ఒంటరిగా నడవాల్సిన అమ్మాయి గురించి ఆంక్షల పత్రంలో ఒక్క వాక్యం ఉండదు. ఆ దారిలో దీపాలు వేయండి, ఆ స్థలానికి కాపలా పెట్టండి. అంతకంటే ముందు వాళ్లను అడగండి. మన సభలన్నీ సాయంత్రం ఆరింటికే మొదలవుతాయి, ఆ వేళకు వాళ్లు కౌంటర్ల దగ్గర నిలబడి ఉంటారు. ఈసారి సభ కొట్లు మూశాక పెట్టండి.